ముగ్గులో కనిపించని ఎత్తు

తడిసిన మట్టి మీద సున్నపు పొడి పడితే ఒక వాసన లేస్తుంది. కాస్త ఘాటుగా, కాస్త చల్లగా ఉంటుంది, ఒక పట్టాన ముక్కును వదలదు. ఈరోజు పొద్దున మింజూరు దాటాక ఒక ఖాళీ స్థలంలో దాము కుటుంబానికి ఇంటి ముగ్గు పోస్తుంటే ఆ వాసన వచ్చింది. దాంతోపాటే వసంత మేడమ్ గుర్తొచ్చారు. దాము కాట్టుపల్లి రేవు దగ్గర ఓడలు కట్టే యార్డులో వెల్డింగు చేస్తాడు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ఇంకా ప్లాను ఖాయం కాలేదు, పునాది తవ్వే మాటే లేదు, అప్పుడే ముగ్గేమిటని అతను నన్ను రెండుసార్లు అడిగాడు. "ముందు ఇందులో ఒక గంట కాపురం చెయ్యండి, తర్వాత చెప్తా" అన్నాను. ఆ మాట నాది కాదు. పదకొండేళ్ళు మేడమ్ నోట విన్నదాన్ని ఇప్పుడు నేను అంటున్నాను, అంతే.

వసంత మేడమ్ పేరు మీలో చాలామంది విని ఉండరు. కట్టడాల గురించి రాసే పత్రికలు చదివేవాళ్ళకైతే తెలుస్తుంది. పొన్నేరి పక్కన వరి పండించుకునే తెలుగువాళ్ళ ఇంట్లో పుట్టి, మదరాసులో ఆర్కిటెక్చరు చదివి, అక్కడే ఒక పెద్ద ఆఫీసులో పదేళ్ళు పనిచేసి, ఉన్నట్టుండి తిరువళ్ళూరు వచ్చి స్టేషను దగ్గర మేడమీద రెండు గదుల్లో బోర్డు పెట్టుకున్న మనిషి. ఇక్కడికెందుకొచ్చారని ఎవరైనా అడిగితే, "ఆడ ఇల్లు కట్టించుకునేవాళ్ళు నా దగ్గరికొచ్చే లోపలే ఇంకొకరి ఇల్లు చూసి మనసు పారేసుకోని వస్తారు. ఈడ ఎవురూ ఏమీ చూడలే. నాకు అట్టాంటోళ్ళే కావాల" అనేవారు. ముప్ఫై ఏళ్ళలో బడులు కట్టారు, నేతపనివాళ్ళకు మగ్గాల షెడ్లు కట్టారు, ఒక గ్రంథాలయం కట్టారు. ఆ గ్రంథాలయంలో మండు వేసవి మధ్యాహ్నం కూర్చున్నా ఫ్యాను సంగతి గుర్తురాదు. దాన్ని చూడడానికి ఎక్కడెక్కడి నుంచో విద్యార్థులు బస్సులు వేసుకుని వచ్చేవారు. అయినా మదరాసులో జరిగే సభల్లో "తిరువళ్ళూరులో ఆర్కిటెక్టా?" అని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉండేవారు. ఆ మాట ఆమెకు చాలా బాధగా ఉండేది. తన గురించి ఎక్కడ రెండు వాక్యాలు పడినా కత్తిరించి ఒక ఆకుపచ్చ ఫైల్లో దాచుకునేవారు. ఎవరైనా పొగడడం మొదలెడితే కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకునేవారు. పొగడ్త పూర్తయ్యేదాకా ఆ తుడవడం ఆగేది కాదు. మేము బల్లల చాటున నవ్వుకునేవాళ్ళం. కోపం కూడా జాస్తే. గీత తప్పితే కాగితాన్ని చించి ఆ ముక్కలు మన చేతికే ఇచ్చేవారు. ఇవన్నీ ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పబోయేది విని ఆమెను దేవత అనుకుంటారని.

మాది తిరుత్తణి. కొండ మెట్ల దగ్గర మా నాన్నకు పూజ సామాన్ల అంగడి ఉండేది, దాని వెనకే ఇల్లు. ఐటిఐలో డ్రాఫ్ట్స్‌మన్ చదువు ముగించి, సర్టిఫికెట్లు పట్టుకుని ఆమె ఆఫీసుకు వెళ్ళాను. ఆమె వాటి ముఖం కూడా చూడలేదు. "మీ ఇంటి తలుపు లోపలికి తెరుస్తారా, బయటికా?" అని అడిగారు. ఇరవై రెండేళ్ళు ఆ తలుపు తీసి వేసినవాణ్ణి, చప్పున చెప్పలేకపోయాను. గాలిలో చెయ్యి చాచి, గొళ్ళెం తీసి, ముందుకు తోసి చూసుకున్నాను. "లోపలికి మేడమ్" అన్నాను. ఆమె నా చేతి వంకే చూస్తున్నారు. "చేతికి తెలుసు, నోటికి తెలీదు. రేపట్నుంచి రాయ్యా" అన్నారు. ఇంటర్వ్యూ అంటే అదే.

ముగ్గు పోయడం ఇల్లు కట్టే ప్రతి ఊళ్ళోనూ ఉన్నదే. ప్లాను అయ్యాక, పునాది తవ్వే ముందు, గోడలు ఎక్కడ వస్తాయో తెలియడానికి సున్నంతో గీతలు పోస్తారు. మేడమ్ పద్ధతి వేరు. ప్లాను ఇంకా పెన్సిలులో ఉండగానే స్థలం మీద ఇల్లంతా అసలు కొలతల్లో ముగ్గు పోయించేవారు. గోడలున్న చోట గీత, వాకిళ్ళున్న చోట ఖాళీ. తర్వాత ఇంటివాళ్ళను బిందెలు, చాపలతో సహా రమ్మని, అందులో ఒక గంట మసలమనేవారు. తాను ఒక మడత కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని వాళ్ళ కాళ్ళను చూస్తూ కూర్చునేవారు. మాట్లాడడం ఉండదు. నేను చేరిన మొదటి నెలలో ఒక ఇంటి కోడలు బిందె చంకన పెట్టుకుని వంటింట్లోంచి నేరుగా గోడ గీత దాటి బావి వైపు వెళ్ళిపోయింది. అత్తగారు "ఏయ్, గోడలో పోతావుండావు!" అని అరిచింది, అందరూ పకపకా నవ్వారు. మేడమ్ మాత్రం లేచి వెళ్ళి ఆ అమ్మాయి దాటిన చోట గీతను చెప్పుతో చెరిపేశారు. "ఈడ తలుపు పెట్టు" అని నాతో చెప్పి మళ్ళీ వచ్చి కూర్చున్నారు. గంట అయ్యాక, ముగ్గులోకి రానిదేమన్నా ఉందా అని ఎప్పుడూ ఒకే ప్రశ్న అడిగేవారు, "ఏమన్నా మిగిలిందా?"

నేను చేరిన ఆరో ఏట తిరుత్తణిలో యాత్రికుల మండపం పని వచ్చింది. మా ఊరి బట్టల వ్యాపారి రంగయ్య శెట్టిగారు, ఆయన తోటి వ్యాపారులు కలిసి, తమిళుల ఆడి నెలలో వచ్చే ఆడికృత్తిక పండగకు మొక్కు కావడి ఎత్తుకుని వచ్చేవాళ్ళు కొండ ఎక్కే ముందు కాసేపు నీడన ఆగడానికి ఒక చోటు కట్టాలనుకున్నారు. మేడమ్ నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టారు. "మాది తిరుపతి మొక్కులుండే ఇల్లు. మా గడపలోకి కావడి ఎన్నడూ రాలే. నువ్వు తిరుత్తణివాడివి. నాకు తెలీంది నువ్వు చెప్పాల. చెప్తావా?" అన్నారు. "చెప్తాను మేడమ్" అన్నాను. అంత పెద్ద పనికి నన్ను ఎంచుకున్నందుకు ఆ రోజు ఒళ్ళంతా గర్వమే.

రెండు వారాల తర్వాత ఆమె ఆ మండపాన్ని గీశారు. ముందు పది అడుగుల పొడవున ఒక ఇటుకల కమాను. చాలా తగ్గు, మామూలు మనిషి కూడా తల వంచితేగానీ లోపలికి పోలేడు. ఆ చిన్న చీకటి దాటి లోపల అడుగుపెట్టగానే పైకప్పు ఒక్కసారిగా పైకి లేచిపోయి, ఎదురుగా కిటికీలో కొండ కనబడుతుంది. "స్వామి దగ్గరికి పొయ్యేవాడు ముందు తల వంచాల. తల ఎత్తేసరికి కొండ కనపడాల" అన్నారు. నేను అంత అందమైన బొమ్మ అంతకుముందు చూడలేదు. చూసిన మరుక్షణమే నాకు ఇంకొకటి కూడా తోచింది. ఇందులోంచి కావడి దూరదు.

మా ఇంట్లో నేను పన్నెండో ఏట నుంచి కావడి ఎత్తాను. భుజం మీద కర్ర, దాని మీద వంపుగా కట్టిన వెదురు, పూలు, రెండు వైపులా నెమలి ఈకలు. మా ఆచారం ప్రకారం ఒకసారి భుజానికెత్తాక కొండ మీదికి చేరేదాకా దించకూడదు, ఒక పక్కకు వంచనూ కూడదు. మా ఇంటి వాకిలి కాస్త తగ్గు. బయటికొచ్చేటప్పుడు నాన్న వెనకనుంచి "నడుము వంచద్దు, మోకాళ్ళు వంచు" అని ప్రతి ఏడూ హెచ్చరించేవాడు. ఆ వాకిలికే అంత పాటుంటే, ఈ కమానులో మోకాళ్ళు వంచి కాదు కదా, పాక్కుంటూ పోయినా కావడి పట్టదు. ఇది చెప్పడానికే కదా ఆమె నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నది. కానీ నేను నోరు తెరిచేలోగా ఆ బొమ్మ ఒక పత్రికలో అచ్చయింది. దాన్ని చూసే, దేశంలో కట్టడాలకిచ్చే పెద్ద బహుమానానికి ఆమె పేరును తుదిజాబితాలో చేర్చారు. కట్టడం పూర్తయ్యాక ముగ్గురు పెద్దలు ఢిల్లీ నుంచి చూడడానికి వస్తామని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం చదివాక ఆమె చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంటూనే ఉన్నారు. నేను రేపు చెప్దామనుకున్నాను. ఆ రేపు ఎల్లుండి అయింది. కావడులు బయట స్టాండు మీద పెట్టుకుంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పెట్టుకోరని నాకు తెలుసు.

తిరుత్తణి స్థలంలో ముగ్గు పోశాం. శెట్టిగారూ ఆయన తోటివాళ్ళూ కాసేపు అటూ ఇటూ తిరిగి అంగళ్ళకు వెళ్ళిపోయారు. "నువ్వు యాత్రికుడి మాదిరి నడువు" అని మేడమ్ నాతో చెప్పారు. రోడ్డు వైపు నుంచి నడిచి, కమాను వచ్చే చోటు దాటి, లోపల తిరిగి వచ్చాను. ఆమె అదే ప్రశ్న అడిగారు.

"ఏమన్నా మిగిలిందా, సుబ్రమణీ?"

"ఏం లేదు మేడమ్."

ఆమె కుర్చీ మడుస్తూ ఒక క్షణం ఆగారు. తర్వాత "సరే, పోదాం" అన్నారు.

మండపం ఆడి నెల మొదట్లో పూర్తయింది. కమానును ఏలుమలై మేస్త్రి ఇరవై రోజులు కూర్చుని, ఇటుకా ఇటుకా రుద్ది కట్టాడు. పరీక్షించే పెద్దలు కృత్తిక అయిన వారానికి వస్తామన్నారు. కృత్తిక రోజు మేడమ్ పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని తిరుత్తణి వచ్చారు, జనం తన మండపంలోకి తల వంచుకుని పోవడం చూద్దామని. పసుపు బట్టలవాళ్ళతో రోడ్డు నిండిపోయింది. సన్నగా తుంపర పడుతోంది. మండపం లోపల చేతులూపుకుంటూ వచ్చినవాళ్ళు హాయిగా కూర్చుని ఉన్నారు. కావడులు ఎత్తినవాళ్ళంతా బయట, గోడ వారన, వానలో నిలబడి ఉన్నారు. మా అమ్మ ఈడుది ఒకావిడ రెండు చేతులతో కావడి పట్టుకుని వణుకుతోంది. మేడమ్ గొడుగు ఆమె మీదికి పట్టారు.

"లోపలికి రామ్మా. మీకోసరమే కట్టినాము."

"కావడి పట్టదు తల్లీ. దించకూడదు గదా" అంది ఆవిడ, తప్పు తనదే అన్నట్టు.

మేడమ్ కమాను వైపు చూశారు, కావడి వైపు చూశారు. నా వైపు చూస్తారని నేను భయపడుతూ నిలబడ్డాను. చూడలేదు. ఆవిడకు గొడుగు పట్టుకుని కొండ మెట్ల దాకా నడిచారు. తిరిగొచ్చేసరికి ఆమె చీర పూర్తిగా తడిసిపోయింది.

మర్నాడు పొద్దున ఏడు గంటలకు ఏలుమలై మేస్త్రిని, నలుగురు మనుషులను, సమ్మెటలను పిలిపించారు. కబురు తెలిసి శెట్టిగారు చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చారు.

"అమ్మా, వచ్చేవారం పెద్దోళ్ళు వస్తారంటిరే! ఈ కమాను కోసరమే గదా వాళ్ళు వచ్చేది? పక్కన ఇంకో వాకిలి పెట్టుకుందాము. వాళ్ళు చూసి పోయినంక దీన్ని ఏమన్నా చేసుకోండి."

"కావడి ఎత్తినోళ్ళకని కట్టి, వాళ్ళను పక్క వాకిట్లో రమ్మందామా?"

"ఒక్క వారమమ్మా!"

"పండగ ఇంకా మూడు దినాలుండాది శెట్టిగారూ. ఇయ్యాళ వచ్చేవాళ్ళు యాడ నిలబడాల? తప్పు నాది. నేనే తీసేస్తా."

ఏలుమలై మేస్త్రి సమ్మెట నేలకానించి నిలబడ్డాడు. "నా చేత్తో కట్టింది నా చేత్తోనేనా అమ్మా?" అన్నాడు. "నా చేత్తో గీసింది గదా మేస్త్రీ, నేనే చెప్తావుండా" అన్నారు మేడమ్. ఆమె గొంతు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం చెంగును మెలిపెడుతున్నాయి. మధ్యాహ్నానికి కమాను లేదు. ఇటుకల గుట్ట పక్కనుంచి మొదటి కావడి నిటారుగా లోపలికి పోయింది. తప్పు నాది అని ఆమె అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. కాదు, నాది అనడానికి నోరు తెరిచాను, దుమ్ముకు దగ్గొచ్చింది. ఆ దగ్గును సాకు చేసుకుని ఊరుకున్నాను.

వారానికి ఢిల్లీ నుంచి ముగ్గురు వచ్చారు. కమాను ఉన్నప్పటి ఫోటోలు చూపిద్దామని నేను ఫైలు తెరిస్తే ఆమె మూసేశారు. "అది ఇప్పుడు లేదు. ఉండేదాన్ని చూపించు" అన్నారు. వాళ్ళు మర్యాదగా తిరిగి చూసి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. రెండు నెలల తర్వాత ఉత్తరం వచ్చింది. బహుమానం ఇంకెవరికో ఇచ్చారు. ఆమె ఆ ఉత్తరాన్ని కూడా ఆకుపచ్చ ఫైల్లోనే పెట్టారు. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు, గదిలో పొగిడేవాళ్ళెవరూ లేరు. "నాకు కావాల్సే ఉండె సుబ్రమణీ. అబద్ధమెందుకు చెప్పేది" అన్నారు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఆమె ముఖం చూశాక ఆ మాటనూ రేపటికి వాయిదా వేశాను.

ఆ ఏడాది నుంచి మా ముగ్గుల్లో కొత్త వస్తువు చేరింది. ప్రతి వాకిలి ఖాళీకి రెండు పక్కలా రెండు వెదురు కర్రలు పాతి, తలుపు ఎంత ఎత్తు ఉంటుందో అంత ఎత్తున తాడు కట్టించేవారు. "ముగ్గుకు ఎత్తు లేదని ఇన్నాళ్ళూ నాకు తోచలే" అనేవారు. మళ్ళీ తుదిజాబితా దాకా ఆమె పేరు పోలేదు. ఇంకా మంచి కట్టడాలు కట్టారు, ఒకటి రెండు చిన్న బహుమతులు వచ్చాయి. తిరువళ్ళూరులో ఆర్కిటెక్టా అని అడిగేవాళ్ళు చివరిదాకా అడుగుతూనే ఉన్నారు.

తర్వాత ఆమె చేతులు వణకడం మొదలైంది. పెన్సిలు నిలవనప్పుడు ఆఫీసు మూసేశారు. నేను సొంతంగా చిన్న ఆఫీసు తెరుచుకున్నాను. ఆర్కిటెక్టు అని రాసుకునే చదువు నాది కాదు కాబట్టి బోర్డు మీద బిల్డింగ్ డిజైనర్ అని రాయించాను. ఆ సంగతి చెప్పడానికి ఒక సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని రెండు చేతులతో కాఫీ గ్లాసు పట్టుకుని తాగుతున్నారు. ఏ పేరుతో మొదలుపెట్టినా, ఆ మాట చెప్పకుండా నా బోర్డు కింద నేను కూర్చోలేనని అప్పటికి నాకు అర్థమైంది.

"మేడమ్, ఆ కమాను... కావడి పట్టదని నాకు బొమ్మ చూసిన రోజే తెలుసు."

ఆమె గ్లాసు కింద పెట్టారు. పెట్టడానికి చాలాసేపు పట్టింది.

"తెలుసు" అన్నారు.

"మీకా? ఎట్టా మేడమ్?"

"ఆ పొద్దు ముగ్గులో నడిచినావే, కమాను వచ్చే చోట మోకాళ్ళు వంచినావు. నడుము నిటారుగా పెట్టి, భుజం బిగించి. ఆడ ఏముండాదని? ఉత్త గాలి. నీ ఒళ్ళు కావడి మోస్తావుండింది. నేను చూసినా."

నేను అలా నడిచానని నాకే తెలియదు. "మరి నన్ను నిలదీసి ఎందుకడగలేదు మేడమ్?" అన్నాను.

"అడిగితే నువ్వు చెప్పేస్తావని."

ఆ తర్వాత ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. నా ఆఫీసు కిటికీ ఏ వైపు ఉందో అడిగారు, పడమటి ఎండ పడుతుందంటే తిట్టారు. గేటు దాకా వచ్చి సాగనంపారు. పోయిన ఏడాది ఆమె పోయారు. ఆకుపచ్చ ఫైలు నాకిమ్మని చెప్పారట, వాళ్ళ తమ్ముడు తెచ్చిచ్చాడు. ఆ ఉత్తరం అందులోనే ఉంది.

ఈరోజు దాము స్థలంలో వెదురు కర్రలు పాతి, తాళ్ళు కట్టి, నేనూ మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాను. దాముకు హాలంతా ఒక్కటిగా, మధ్యలో ఏ అడ్డూ లేకుండా కావాలి. యార్డులో ఎవరో ఫోనులో చూపించారట. నాకూ ఆ హాలు బాగా కుదిరింది, గీసినప్పుడు చాలా ముచ్చటపడ్డాను. పిల్లలు అందులో పరుగులు తీశారు, భార్య చాప పరిచి చూసుకుంది. దాము తల్లి మాత్రం హాలు నడుమ నుంచి వెనక వాకిలి వైపు నెమ్మదిగా నడుస్తూ ఎడమ చెయ్యి పక్కకు చాపింది. అరచెయ్యి తెరిచి, దేన్నో తడుముకుంటున్నట్టు. అక్కడ ఏమీ లేదు. మళ్ళీ తిరిగొచ్చేటప్పుడు కుడి చెయ్యి చాపింది. దాము ఫోను చూసుకుంటున్నాడు, ఇంకెవరూ గమనించలేదు. అడిగితే ఆమె చెప్పేస్తుందని నాకు తెలుసు.

కుర్చీలోంచి లేచి దగ్గరికి వెళ్ళాను. "ఏం పట్టుకోని ఉండావమ్మా?" అని అడిగాను.

ఆమె చెయ్యి అలాగే గాలిలో ఉంచి కొడుకు వైపు ఒకసారి చూసింది. "గోడ అయ్యా" అంది మెల్లగా. "పాతింట్లో ఈడ గోడ ఉండాది. కండ్లు ఆనవు నాకు. వాడికి చెప్పలా."

సున్నం డబ్బా తెచ్చి, ఆమె చెయ్యి ఉన్న చోట కింద గీత పోశాను.